వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో జారిన మాట

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఎన్నికల వేడి రాజుకుంటే చాలు, తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ మీద పాత గొడవ మళ్లీ లేస్తుంది. జాతిపిత అని ఒక వర్గం అంటుంది. మమ్మల్ని పరాయివాళ్లను చేసిన మనిషి అని భారతీయ సంతతిలో చాలామంది అంటారు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్, బానిసల చెమటతోనే బ్రిటన్ పరిశ్రమలు లేచాయని వాదించిన 1944 నాటి పుస్తకం, 1962లో స్వాతంత్ర్యం... ఇవన్నీ తెలిసినవే. గొడవ మూలం 1958 ఏప్రిల్ 1న ఉంది.

వారం ముందే, కరీబియన్‌లోని బ్రిటిష్ వలస దీవులు కలిసి ఏర్పడ్డ వెస్టిండీస్ ఫెడరేషన్‌కు ఎన్నికలు జరిగాయి. ట్రినిడాడ్‌లోని 10 సీట్లలో విలియమ్స్ పార్టీ పీఎన్ఎంకు 4, ప్రతిపక్షం డీఎల్‌పీకి 6 వచ్చాయి. రెండేళ్ల కిందటే అధికారంలోకి వచ్చిన నాయకుడికి ఇది గట్టి దెబ్బ. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడిబొడ్డున వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో మైకు ముందు నిలబడి, ప్రచారంలో తిరిగిన ఒక ఉత్తరాన్ని ఆయన జనానికి చదివి వినిపించారు. ‘ప్రియమైన భారతీయ సోదరా’ అంటూ జాతి పేరుతో ఓటు అడిగిన ఉత్తరమది. కోపం రావడం సహజమే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ‘మొండి, శత్రుభావం గల మైనారిటీ’ అనేశారు.

ఆ మాట ఉత్తరం రాసినవాళ్లకే తగులుతుందని పీఎన్ఎం సమర్థన. భారతీయ సంతతికే చెందిన కమాలుద్దీన్ మొహమ్మద్ 1956 నుంచీ ఆయన ప్రభుత్వంలో మంత్రిగా లేరా అని అడుగుతారు.

చెరకు పల్లెల్లో అది వేరేగా వినిపించింది. 1845 మే 30న ‘ఫాటెల్ రజాక్’ ఓడతో మొదలై 1917 వరకు దాదాపు 1.4 లక్షల మంది భారత్ నుంచి ఒప్పంద కూలీలుగా అక్కడికి చేరారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చేతిలో పాస్ లేకుండా ఎస్టేటు దాటితే జైలే. అలాంటి తాతల మనవలకు, ఈ నేల మీదే పుట్టి పెరిగినవాళ్లకు, ఆ మాట ఎలా తగిలి ఉంటుంది? ఈ చరిత్ర ఆయనకు తెలియనిది కాదు. స్వాతంత్ర్య దినానికి అందేలా రాసిన దేశ చరిత్రలో ఆ కూలీల కష్టాన్ని ఆయనే రాశారు. మన తల్లి ట్రినిడాడ్ టొబాగో ఒక్కతే, తల్లి బిడ్డల మధ్య తేడా చూపదు అనీ అందులోనే రాశారు.

1981లో ఆయన పదవిలో ఉండగానే కన్నుమూశారు. సీనియర్ అయిన కమాలుద్దీన్‌ను దాటేసి, ప్రధాని పదవిని జార్జ్ చాంబర్స్‌కు ఇచ్చారు. భారతీయ సంతతి నుంచి తొలి ప్రధాని బాస్దేవ్ పాండే వచ్చింది 1995లో. వుడ్‌ఫర్డ్ స్క్వేర్ మాట పాతికేళ్ల వయసులో విన్న చెరకు కూలీకి అప్పటికి అరవై రెండేళ్లు.