తాడు లేని తెరచాప కొయ్య

సింధియా, విశాఖపట్నం.

చి. చిట్టికి, చి. బాబ్జీకి, తాత ఆశీస్సులు.

మొన్న మీరు పంపిన పడవ ఫొటోని అమ్మమ్మ ఫోన్లో పెద్దది చేసి చూపించింది. దాని పేరు మాల్టీస్ ఫాల్కన్. బాబ్జీ మంచి ప్రశ్న అడిగాడు: "మన ఫిషింగ్ హార్బర్‌లో చిన్న పడవ కొయ్యకే నాలుగు పక్కలా తాళ్ళు కడతారు కదా తాతా, దీనికి ఒక్క తాడూ లేదే, పడిపోదా?" ఫోన్లో చెబితే సగం మీ అమ్మ వంటింటి చప్పుడులో కలిసిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఊళ్ళో ధ్వజస్తంభం ఎత్తిన రోజు గుర్తుందా? పైన కనిపించేదాన్ని చూసి మీరు చప్పట్లు కొట్టారు గానీ, నేను చూసింది గొయ్యి. ఈ పడవ కొయ్యా అంతే. డెక్కు మీద నిలబడలేదు, డెక్కుని దాటి పడవ అడుగు దాకా దిగి ఉంది. డెక్కు దగ్గర ఒక బేరింగు, పాదం కింద ఇంకొకటి. తిరగలి మేకు చుట్టూ రాయి తిరిగినట్టు కొయ్య మొత్తం తన చుట్టూ తానే తిరుగుతుంది. తాళ్ళు కడితే తిరగదు కదా, అందుకే కట్టలేదు. ఆ తాళ్ళు మోయాల్సిన బరువంతా కొయ్యే మోయాలి కాబట్టి దాన్ని కార్బన్ ఫైబర్‌తో చేశారు. ఎంత వంగుతోందో ఎప్పటికప్పుడు చెప్పడానికి ఆ పొరల మధ్యలోనే సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగలు పరిచారు.

కొయ్యలు మూడు, ఒక్కొక్కటీ 58 మీటర్లు. అంటే 19 అంతస్తుల మేడంత. ఒక్కో కొయ్యకి ఆరు అడ్డకర్రలు, వాటి మధ్య ఐదు తెరచాపలు. మొత్తం పదిహేను తెరచాపల బట్ట 2,400 చదరపు మీటర్లు. మన గాజువాక లెక్కలో 200 గజాల ప్లాట్లు పద్నాలుగు! అంత బట్టనీ విప్పడానికి ఎవరూ పైకెక్కరు. అది కొయ్య లోపలే చుట్టుకుని ఉంటుంది. మీట నొక్కితే మోటార్లు దాన్ని అడ్డకర్రల గాడిలోంచి బయటికి లాగుతాయి. ఆరేడు నిమిషాల పని. ఈ ఆలోచన ఈనాటిది కాదు. 1960లలో విల్‌హెల్మ్ ప్రోల్స్ అనే జర్మన్ ఇంజనీరు సరుకు ఓడలకి నూనె ఖర్చు తగ్గించాలని గీసిన పద్ధతి. అప్పుడు ఎవరూ కట్టలేదు. చివరికి ఒక అమెరికా ధనవంతుడి సరదా కోసం, టర్కీలోని తుజ్లాలో, 2006లో నీళ్ళలోకి దిగింది. సరుకు కోసం పుట్టిన ఆలోచన షికారుకి పనికొచ్చింది. నాకైతే కాస్త నవ్వొచ్చింది.

చిట్టి ప్రశ్న ఇంకా గట్టిది. "కొయ్య పడిపోదు సరే, పడవే పడిపోతే?"

తెరచాప పైన గాలి నెడుతుంది, నీళ్ళ కింద బరువు వెనక్కి లాగుతుంది. తెరచాప పడవని కట్టేవాడి జీవితమంతా ఈ తగువు తీర్చడమే. అడుగున రెక్కలాగా దిగి ఉండేదాన్ని కీల్ అంటాం. అందులో సీసం పోస్తారు. అది రెండు పనులు చేస్తుంది. ఒరిగిన పడవని మళ్ళీ నిలబెడుతుంది, పక్కకి జారిపోకుండా ఆపుతుంది. తడి సపోటా గింజని రెండు వేళ్ళతో నొక్కితే ముందుకి ఎగురుతుంది చూడు, అలా గాలి ఒక పక్కా కీల్ ఒక పక్కా నొక్కితే పడవ ముందుకి జారుతుంది.

ఇక షోకుల దగ్గరికి రండి. ఖరీదైన పడవలో యజమాని పాలరాయి కావాలంటాడు. పైన ఒక టన్ను పెడితే కింద సీసం ఇంకా పోయాలి. అందుకని రాయిని బిస్కెట్టు కన్నా పల్చగా కోసి, తేనెపట్టు గూడులాంటి అల్యూమినియం పలక మీద అంటిస్తారు. చూడ్డానికి రాయి, మోస్తే అట్ట. ఒడ్డున ఉన్న మేడకి ఈ బెంగ లేదు.

వెల్డింగు వాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చాలా పెద్ద పడవలకి ఒళ్ళు ఉక్కు, పైన గదులు అల్యూమినియం. బరువు కిందే ఉండాలి కదా. కానీ ఈ రెంటినీ కలిపి వెల్డింగు చెయ్యలేం, అతుకు పెళుసుగా విరిగిపోతుంది. మరెలా? ఒక పక్క ఉక్కు, ఇంకో పక్క అల్యూమినియం ఉన్న పట్టీ తెస్తారు. ఆ రెంటినీ మందుగుండు పేల్చి, ఆ దెబ్బతో అతికిస్తారు! ఉక్కు పక్కని ఉక్కుకీ, అల్యూమినియం పక్కని అల్యూమినియానికీ వెల్డు చేస్తాం. మొదటిసారి ఆ పట్టీ చేతిలో పట్టుకున్నప్పుడు తిప్పి తిప్పి చూశాను, అతుకు గీత జరీ అంచులా అలలు అలలుగా ఉంటుంది.

వెల్డింగు వేడికి ప్లేట్లు కాస్త వంకర పోతాయి. సరుకు ఓడకి ఎవడూ పట్టించుకోడు. 1948లో నెహ్రూ గారు మన ఊళ్ళో జల ఉష అనే ఓడని నీళ్ళలోకి వదిలినప్పుడు దాని ఒంట్లో నీడ చూసుకోవాలని ఎవరూ అనుకోలేదు. షోకు పడవకి మాత్రం ఒళ్ళంతా పుట్టీ పూసి, పొడుగాటి పలకలతో నెలల తరబడి రుద్దుతారు. ఇదంతా కనిపించే పని, డబ్బూ పొగడ్తా దీనికే ఎక్కువ.

కనిపించని పని ఆఖర్న వస్తుంది. ఇంక్లైనింగ్ టెస్టు, అంటే పడవని కావాలని కాస్త ఒరిగించి చూసే పరీక్ష. పడవ పూర్తయ్యాక దాని బరువు ఎంత ఎత్తున ఉందో నిజంగా తేల్చేది ఇదే. గాలి లేని ఉదయం పూట చేస్తారు. పడవ లోపల ఆరు మీటర్ల దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు, ఊగకుండా గుండుని నూనె డబ్బాలో ముంచుతారు. డెక్కు మీద తూచి పెట్టిన ఇనుప దిమ్మల్ని ఈ పక్కనుంచి ఆ పక్కకి జరుపుతారు. పడవ ఒక్క డిగ్రీ ఒరిగితే దారం పది సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ జరుగుడు నుంచి లెక్క కడతారు. ట్యాంకులు పూర్తిగా నిండుగానో పూర్తిగా ఖాళీగానో ఉండాలి. నిండు కుండ తొణకదు, సగం ట్యాంకు లెక్క తప్పిస్తుంది. మనుషులు కదలకూడదు. ఒకసారి నేనే, టీ ఫ్లాస్కు అవతలి పక్క ఉందని నాలుగడుగులు వేశాను. దారం జరిగింది. మా ఫోర్‌మన్ అన్న మాట మీకు రాయను.

2024 ఆగస్టులో ఇటలీలోని సిసిలీ దగ్గర బేయేసియన్ అనే పెద్ద పడవ రాత్రి గాలికి మునిగి ఏడుగురు పోయారు. లంగరు వేసి ఉంది, తెరచాపలు దించి ఉన్నాయి, దించడానికీ ఎత్తడానికీ వీలున్న కీల్ పైకి ఎత్తి ఉంది. కానీ దాని ఒంటికొయ్య 72 మీటర్లు. బట్ట లేకపోయినా కొయ్య గాలిని పట్టుకుంటుంది. అలా ఉన్నప్పుడు పక్కనుంచి 63 నాట్లు దాటిన గాలి చాలు పడగొట్టడానికి అని బ్రిటన్ వాళ్ళ దర్యాప్తు తేల్చింది. అంటే గంటకి 117 కిలోమీటర్లు. మీరు పుట్టకముందు, 2014 అక్టోబరులో హుద్‌హుద్ మన ఇంటి రేకులు ఎత్తుకుపోయిన గాలి అంతకన్నా ఎక్కువే. ఆ ఒరుగుడు సంగతి పడవలో ఉంచిన నిలకడ లెక్కల పుస్తకంలో రాసి లేదట. ఆ ముక్క చదివి అమ్మమ్మ టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచినా నాకు వినబడలేదు.

ఆదివారం ఒక పని చెయ్యండి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాని నీళ్ళ టబ్బులో తేల్చి, అడుగున నాలుగు రూపాయి బిళ్ళలు అంటించి, వేలితో ఒక పక్క నొక్కి వదలండి. ఎన్నిసార్లు ఊగి ఆగిందో లెక్కపెట్టండి. తర్వాత అవే బిళ్ళల్ని ఒక పుల్ల చివర కట్టి డబ్బాలో నిలువుగా నిలబెట్టి మళ్ళీ నొక్కండి. రెండు లెక్కలూ రాసుకుని నాకు ఫోను చేయండి. బరువు కోసం మీ అమ్మ ఫోను మాత్రం పెట్టకండి.

మీ తాత