సంఘ స్త్రీల సేవ: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు వైపు పాత క్రైస్తవ సంఘాలు చాలావరకు నూరేళ్లు దాటాయి. శతజయంతి సంచికల్లో స్త్రీల పరిచర్యకు ఒక పేజీ ఇస్తున్నారు, అందులో "దయగల తల్లులు, చేతనైనంత పెట్టారు" అని రాసి ముగిస్తున్నారు. ఆ తల్లుల పనికి కొలత ఉంది, వంతు ఉంది, లెక్క ఉంది. అవి రాయకపోతే వాళ్లు చేసింది సగం కూడా తెలియదు.

అపోహ: ప్రేమ ఉంటే చాలు, సేవకు లెక్కలెందుకు?

వాస్తవం: 1617లో ఫ్రాన్సులోని షాతియోన్ అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబమంతా జబ్బున పడింది. ఆ ఊరి కతోలిక విచారణ (చర్చి పరిధి) గురువు విన్సెంట్ డి పాల్ ఆదివారం ప్రసంగంలో ఆ మాట చెప్పగానే ఊరి ఆడవాళ్లంతా తిండి మోసుకుపోయారు. ఒక్కరోజే అంత వచ్చిపడితే పాడవక ఏమవుతుంది? తర్వాతి రోజుల సంగతేంటి? అందుకే ఆయన ఆ స్త్రీలతో ఒక సమాజం కట్టి నియమాలు రాశారు. రోగులకు వండిపెట్టడం ఒక్కొక్కరికి ఒక్కోరోజు వంతు. వాళ్లు మఠ కన్యలు కారు, సంసారాలు చేసుకునే ఇల్లాళ్లు. లూయీ ద మరియాక్‌తో కలిసి సిస్టర్ల సమాజం పెట్టింది ఆ తర్వాత, 1633లో. "సేవ సిస్టర్ల పని" అనుకునే విచారణలు ఈ వరస గుర్తుంచుకోవాలి.

అపోహ: పిడికెడు బియ్యం అంటే మిగిలింది వేయడం.

వాస్తవం: పిడికెడు బియ్యం అంటే ఇంటి ఆడవాళ్లు సంఘానికిచ్చే కానుక. మిగిలింది కాదు, ముందు తీసింది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి, కడగకముందే, ఒక పిడికెడు తీసి మూతకుండలో వేస్తారు. జొన్నరొట్టె తినే ఇంట్లో జొన్నలే తీస్తారు.

ఆడవాళ్ల పిడికిట్లో 40 నుంచి 50 గ్రాములు పడతాయి. రెండు పూటలా తీస్తే నెలకు ఇంటికి దాదాపు రెండున్నర, మూడు కిలోలు. 30 ఇళ్ల సంఘంలో నెలకు 70 కిలోలకు తగ్గదు. కూలి చేసుకునే ఇళ్ల నుంచి ఇంత గింజ వస్తుందంటే అది చిన్న కానుక కాదు.

చెడేది ఎక్కడంటే, కలపడం దగ్గర. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, పాతవి, కొత్తవి ఒకే బస్తాలో పోస్తే అన్నం ఒకచోట ముద్ద, ఒకచోట పలుకు. ఆ గింజను సంఘంలో వేలం వేసేటప్పుడు ధర కూడా పడిపోతుంది. రకానికో డబ్బా పెట్టాలి. తడిచేత్తో తీస్తే ముక్కిపోతుంది. పురుగు పట్టకుండా నీడలో ఆరిన వేపాకు వేసి, నెల దాటకముందే పంచడమో అమ్మడమో చేయాలి. తూకం వేలానికి ముందే వేసి, ఇద్దరు స్త్రీలు సంతకం పెట్టాలి. పాస్టరుగారి కుటుంబానికి ఎంత, వితంతువులకు ఎంత అన్నది ముందే తీర్మానంగా రాసుకోవాలి. గొడవలన్నీ ఈ తీర్మానం లేనిచోటే వస్తాయి.

అపోహ: వితంతువులకు సాయం అడిగినవాళ్లందరికీ ఇచ్చేవారు.

వాస్తవం: బైబిల్లో మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం చూడండి. సంఘం పోషించే వితంతువుల జాబితాలో చేర్చాలంటే అరవై ఏళ్లు నిండాలి. పిల్లలో మనవలో ఉంటే ముందు భారం వాళ్లది, ఎవరూ లేనివాళ్లది సంఘానిది. ఇది రాయిగుండె కాదు, ఉన్న కొద్ది గింజ నిజంగా దిక్కులేని మనిషికి అందాలన్న జాగ్రత్త. బైబిల్లోని దొర్కా అనే శిష్యురాలు కుట్టిన అంగీలు చూపించింది కూడా వితంతువులే.

అపోహ: మన దగ్గర ఈ పనంతా మిషనరీ దొరసానులు చేసింది.

వాస్తవం: పాలమూరులో 1885లో, నల్లగొండలో 1890లో మిషన్ కేంద్రాలు (స్టేషన్లు) పెట్టింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. 1907లో వచ్చిన డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్ 1945లో శంషాబాదులో కన్నుమూసేదాకా ఈ ప్రాంతంలోనే వైద్యం చేశారు. వాళ్ల రుణం తీరేది కాదు. అయితే గడపగడపకూ తిరిగి బైబిలు చెప్పింది మన ఊళ్ల ఆడవాళ్లు, "బైబిలు స్త్రీలు" అనేవాళ్లు. మగ ఉపదేశి అడుగుపెట్టలేని గోషా ఇళ్లలోకి వెళ్లారు, అక్షరాలు నేర్పారు, రోగి మంచం పక్కన కూర్చున్నారు. మిషన్ నివేదికల్లో వాళ్లు ఎక్కువగా "బైబిలు స్త్రీలు ఇంతమంది" అనే అంకెగానే కనిపిస్తారు. పేర్లు కావాలంటే బాప్తిస్మపు రిజిస్టరు, జీతాల చిట్టా, సమాధి రాళ్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. "ఫలానా ఉపదేశి భార్య" అని ఉన్నచోట ఆగి, ఆమె సొంత పేరు పట్టుకోవాలి.

ఆ చిట్టాలు చదివేటప్పుడు మూడు చోట్ల తప్పులు జరుగుతాయి. నిజాం కాలపు రూపాయి హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిషు రూపాయి) చూడండి: 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. రెండూ కలిపి కూడితే మొత్తం తప్పుతుంది. ఫసలీ (నిజాం సర్కారు లెక్క) సంవత్సరం ఉంటే, క్రీస్తు శకం రావడానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలపండి. ఇక గింజల కొలత: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మానిక ఊరికో తీరుగా ఉండేది కాబట్టి కిలోల్లోకి మార్చకుండా, చిట్టాలో ఉన్నది ఉన్నట్టే అచ్చు వేయండి.