పాస్టర్ గారి సంఘమా, పెద్దల సంఘమా? ప్రెస్బిటేరియన్ సంఘాల గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడలో "మాది ప్రెస్బిటేరియన్ సంఘం" అని చెబితే చాలామంది వెంటనే అడిగేది "ఏ పాస్టర్ గారిది?" అని. ఇక్కడ సి.ఎస్.ఐ. అందరికీ తెలుసు, కృష్ణ దాటి గుంటూరు వెళ్తే లూథరన్ తెలుసు, బాప్టిస్టులూ పెంతెకొస్తువాళ్లూ తెలుసు. సభ్యులు ఎన్నుకున్న పెద్దలు పాస్టర్‌తో కలిసి నడిపే ప్రొటెస్టెంట్ సంఘాలు మావి, ఇక్కడ మేం కొద్దిమందిమే. నేను ఒక చిన్న సంఘంలో ఎల్డర్‌ని, అంటే సంఘ పెద్దని. సెషన్ (పాస్టరూ పెద్దలూ కలిసి కూర్చునే సభ) మినిట్స్ రాస్తుంటాను. మా సంఘంలో చేరాలా వద్దా అని ఆలోచించే కుటుంబాలు, కొత్తగా సంఘం మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లు నాతో అనే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: ఇది నిన్నగాక మొన్న పుట్టిన శాఖ.

వాస్తవం: స్కాట్లండ్‌లో 1560 నాటి సంస్కరణతో, జాన్ నాక్స్ కాలంలో ఈ సంఘం రూపం దిద్దుకుంది. మన దేశంలో మిజోరం వెళ్తే ప్రెస్బిటేరియన్లే పెద్ద సంఘం, మేఘాలయలోనూ పెద్ద సంఘాల్లో ఒకటి. అక్కడి పనికి నాంది 1841లో థామస్ జోన్స్ చిరపుంజి చేరడం. ఆ ఏడాదే రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఆంగ్లికన్ల మిషనరీ సంస్థ సి.ఎం.ఎస్. తరఫున మచిలీపట్నంలో దిగారు. మరుసటి ఏడాది జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు. కృష్ణకు ఇటు ఆంగ్లికన్లు, అటు లూథరన్లు ముందుగా స్థిరపడ్డారు కాబట్టి మా పేరు ఇక్కడ పెద్దగా వినబడలేదు.

అలాగని తెలుగు నేలకు మా సంప్రదాయం బొత్తిగా కొత్తదీ కాదు. మదనపల్లెలో మిషనరీ జాకబ్ చాంబర్లిన్ పనిచేసిన ఆర్కాట్ మిషన్, పెద్దల పాలన పాటించే రిఫార్మ్‌డ్ సంఘానిదే. ప్రెస్బిటేరియన్లు, కాంగ్రెగేషనల్ వాళ్లు కలిసి 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘంగా ఏర్పడ్డారు. వాళ్లూ, ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ కలిస్తేనే 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ. పుట్టింది. మమ్మల్ని కొత్తవాళ్లని అనుకునే సి.ఎస్.ఐ. మిత్రులకు ఇది తప్పకుండా చెబుతాను.

అపోహ: పాస్టర్ గారు మొదలుపెట్టారు కాబట్టి సంఘం ఆయనదే.

వాస్తవం: అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయింది ఇదే. మన వైపు చాలా సంఘాలు ఒక సేవకుడి అద్దె ఇంట్లోనో, డాబా మీద వేసిన రేకుల షెడ్డులోనో మొదలవుతాయి. ఆ కుటుంబం పడే కష్టం నిజం, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ స్థలం ఆయన పేర, బ్యాంకు ఖాతా ఆయన పేర, ఆయన తర్వాత వాళ్లబ్బాయి అనే పద్ధతి మొదలైందంటే సంఘం ఆస్తిగా మారిపోయినట్టే.

మా పద్ధతి వేరు. కొత్త కూడిక మొదట మిషన్‌గానే ఉంటుంది. దానికి సొంత పెద్దలు ఉండరు కాబట్టి ప్రెస్బిటరీ, అంటే ఒక ప్రాంతంలోని సంఘాల పాస్టర్లూ పెద్దలూ కలిసి కూర్చునే సభ, వేరే సంఘాల పెద్దల్ని తాత్కాలికంగా అప్పగిస్తుంది. సభ్యుల్ని చేర్చుకోవడం, బాప్తిస్మానికి, ప్రభు బల్లకు సిద్ధపరచడం, తప్పు చేసినవాళ్లను సరిదిద్దడం ఆ పెద్దలూ పాస్టరూ కలిసి చూస్తారు. ఈలోగా సంఘంలోనే తగినవాళ్లకు శిక్షణ ఇస్తారు. తర్వాత సభ్యులు ఓటు వేసి తమ పెద్దల్ని ఎన్నుకుంటారు, వాళ్లను పరీక్షించి ప్రతిష్ఠిస్తారు. బైబిల్లో పౌలు ప్రతి పట్టణంలో పెద్దల్ని నియమించమని తన తోటి పనివాడు తీతును క్రేతు ద్వీపంలో విడిచి వచ్చాడు. ఆ పని జరిగిన రోజునే మా లెక్కలో సంఘం తన కాళ్ల మీద నిలబడినట్టు.

అక్కడి నుంచి సెషన్‌కు పాస్టర్ గారు మోడరేటర్‌గా అధ్యక్షత వహిస్తారు, నిర్ణయం మాత్రం అందరిదీ. ఆయన వేరే చోటికి వెళ్లినా సంఘం ఉంటుంది, పిల్లల తరగతులు జరుగుతాయి, ఆరాధన ఆగదు. స్థలం, ఖాతా సంఘం పేర ఉండాలి. మన రాష్ట్రంలో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలని నేను పట్టుబడతాను. ఇది పాస్టర్ గారి మీద అనుమానం కాదు, ఆయన్ని అనుమానాల నుంచి కాపాడటం.

పెద్దలు లేని రోజుల్లో మా దగ్గర ఎవరింట్లో జ్వరం వచ్చినా పాస్టర్ గారికే ఫోన్. ఆయన ఊళ్లో లేకపోతే అందరికీ టెన్షన్. పెద్దలు వచ్చాక ప్రాంతాల వారీగా కుటుంబాల్ని పంచుకున్నాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఆ పంపకం విలువ తెలిసింది. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉంది, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఎవరిది కింది పోర్షన్ అన్నది ఆ వైపు చూసే పెద్దకూ, పరిచారకులకూ ముందే తెలుసు. పడవ దొరగ్గానే ఎటు వెళ్లాలో ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

అపోహ: బిషప్ ఉండరు కాబట్టి అడిగేవాళ్లు ఉండరు.

వాస్తవం: నేను రాసే మినిట్స్ పుస్తకం ఏటా ప్రెస్బిటరీ ముందుకు వెళ్తుంది. తేదీ తప్పినా, తీర్మానం సరిగా లేకపోయినా అడుగుతారు. సెషన్ అన్యాయం చేసిందనుకునే సభ్యుడు పైసభకు అప్పీలు చేసుకోవచ్చు. పాస్టర్ గారిని పిలవాలంటే సంఘం ఓటు వేయాలి, ప్రెస్బిటరీ ఒప్పుకోవాలి.

అపోహ: పెద్ద అంటే వయసులో పెద్దాయన, లేదా కానుక ఎక్కువ ఇచ్చేవాడు.

వాస్తవం: మొహమాటానికి ఎన్నుకున్న పెద్దల వల్ల సంఘాలు ఎంత నలుగుతాయో చూశాను. మొదటి తిమోతి 3వ అధ్యాయం అడిగేది ఇంటిని ఎలా నడుపుకుంటున్నాడు, కోపిష్ఠా, డబ్బు మీద ఆశ ఉందా, బోధించగలడా, బయటివాళ్లు ఏమంటున్నారు అని. బ్యాంకు బ్యాలెన్సు ఆ జాబితాలో లేదు. ఈ పనికి జీతమూ లేదు.

అపోహ: పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారంటే వీళ్లు కేథలిక్కులే.

వాస్తవం: గుంటూరు లూథరన్లు, విజయవాడ సి.ఎస్.ఐ. వాళ్లు కూడా ఇస్తారు. దేవుని నిబంధన విశ్వాసుల పిల్లలకూ వర్తిస్తుందని మా నమ్మకం. ఆ బిడ్డ ఎదిగి సెషన్ ముందు తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాకే ప్రభు బల్లలో పాలు పొందుతాడు.

అపోహ: విదేశీ డబ్బుతో నడుస్తారు.

వాస్తవం: విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. మా అద్దె, కరెంటు బిల్లు, పాస్టర్ గారి జీతం ఆదివారం కానుకల్లోంచి, కోత పండుగ రోజు వేలంలో అమ్ముడుపోయే గుమ్మడికాయలు, కోళ్లు, అరిసెల్లోంచి వస్తాయి.

అపోహ: కుర్చీలు నిండితే సంఘం ఎదిగినట్టు.

వాస్తవం: క్రిస్మస్‌కు, డిసెంబర్ 31 రాత్రికి ఏ మందిరమైనా నిండుతుంది. మేం చూసేది సభ్యుల జాబితా. ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన యవ్వనస్తులకు అక్కడి సంఘానికి ఉత్తరం రాసిచ్చామా, వాళ్లు చేరారా అని అడుగుతాం. ఇంకొక కొలత కూడా ఉంది: మరో మిషన్‌కు అప్పగించగలిగినంతమంది పెద్దలు మన దగ్గర తయారయ్యారా అన్నది. గుంటూరు వైపు కొన్ని కుటుంబాలు ఇంట్లో కూడుకుంటున్నాయి. మా పెద్దల్లో ఇద్దరు ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు అక్కడికి వెళ్తున్నారు. ఇక్కడ వాళ్ల వంతు కుటుంబాల్ని మిగతావాళ్లం పంచుకున్నాం.