కలంకారీ గుడ్డ మీద మా అవ్వ: అపోహలు, వాస్తవాలు

నాకు 24 ఏళ్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ కలం, అంటే గుడ్డ మీద చేత్తో బొమ్మలు గీసే కలం, పట్టి ఆరేళ్లవుతోంది. ఈ మధ్య ఒక ప్రదర్శనలో నేను గీసిన గుడ్డ ఒకటి పెట్టాను. చెట్టు కింద గంగాళంలో కర్ర తిప్పుతూ మా అవ్వ, పక్కన మా ఊరి ఏరు స్వర్ణముఖి. మూడు రోజులూ దాని పక్కనే నిలబడి జవాబులు చెప్పాను. వచ్చినవాళ్లలో చాలామందికి ఉన్న అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కలంకారీ అంటే రామాయణ భారతాలే, సొంత కథకు చోటు లేదు.

వాస్తవం: పునాది ఆ కథలే. గుళ్లలో తెరలుగా వేలాడదీయడానికి, రథాలకు కట్టడానికి ఈ గుడ్డలు గీసేవాళ్లు. మా అవ్వ మాత్రం ఏనాడూ కలం పట్టలేదు, కూలికి గుడ్డలు ఉతికేది. రంగు వేశాక గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. లేకపోతే ఎక్కువైన రంగు పక్కకు పాకి మరకలు కడుతుంది. ఒక్క గుడ్డే ఎన్నోసార్లు ఏట్లోకి దిగుతుంది. గీసినవాళ్ల సంతకం కొన్ని గుడ్డల మీదైనా ఉంటుంది. ఉతికినవాళ్ల పేరు నేనెక్కడా చూడలేదు. అందుకే అశోకవనంలో సీతమ్మ కూర్చునే చెట్టు కింద అవ్వను నిలబెట్టాను.

అపోహ: ఒక్కో రంగుకు ఒక్కో అర్థం ఉంటుంది, అది తెలిస్తే బొమ్మ తెలిసిపోతుంది.

వాస్తవం: రంగులకు ఒక లెక్క ఉన్న మాట నిజమే. రాముడికీ కృష్ణుడికీ నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపో ఆకుపచ్చో. అవ్వ ముఖానికి పసుపు చూసి ఒక పెద్దాయన "సౌభాగ్యం కదమ్మా" అన్నారు. అవ్వకు ముప్పయ్యేళ్లకే భర్త పోయాడు. నాకు నేర్పిన పద్ధతి ప్రకారం పసుపు వేశాను, అంతకుమించి ఏమీ లేదు.

చేతులకు మాత్రం కావాలనే మోచేతుల దాకా ఎరుపు వేశాను. "రాక్షసా?" అని ఒక చిన్నపాప అడిగింది. ఎరుపు కావాల్సిన చోట మేం మొదట పటిక నీళ్లు పూస్తాం. అప్పటికి రంగేమీ కనపడదు. మంజిష్ఠ లాంటి వేర్లు వేసి గంగాళంలో ఉడికిస్తే, పటిక పడ్డ చోట ఎరుపు ఎక్కుతుంది. ఆ ఆవిరి ముందు నిలబడి కర్రతో తిప్పేది, తడిసి బరువెక్కిన గుడ్డను ఏటికి మోసేది అవ్వే. ఆవిడ గోళ్లు తెల్లగా ఉండగా నేను చూసిన గుర్తు లేదు.

అపోహ: అర్థమంతా ముందే అనుకుని గీస్తారు.

వాస్తవం: నేనైతే నదిని నీలంతో నింపుదామనే అనుకున్నాను. ఆ రోజు నీలిరంగు సిద్ధం కాలేదు. సరే రేపు చూద్దామని ఆ భాగం వదిలేసి పోయాను. జ్వరం వచ్చి నాలుగు రోజులు అటు వెళ్లలేదు. మళ్లీ వచ్చి చూస్తే రంగు పడని ఆ ఉత్త గుడ్డే ఇసుక ఏరులా ఉంది. స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజులే తక్కువ మరి. చివరి ఏళ్లలో అవ్వ బోరు దగ్గర తొట్టిలో ఉతికేది. "పారని నీళ్లలో రంగు తేలదే" అని సణుక్కునేది. ఇంక ఆ ఖాళీని ముట్టుకోలేదు. ప్రదర్శనలో ఒకాయన "నీటి కరువు మీద వ్యాఖ్య" అని పుస్తకంలో రాసుకున్నారు. నేను కాదనలేదు. అసలు మొదలు మాత్రం నీలిరంగు ఆలస్యమే!

అపోహ: నోటితో వివరించాల్సి వస్తే బొమ్మ ఓడిపోయినట్టే.

వాస్తవం: పాత కాళహస్తి గుడ్డలు చూడండి. గళ్లు గళ్లుగా కథ గీసి, బొమ్మల వెంటే తెలుగులో కథ కూడా రాసేవాళ్లు. వాళ్లకు లేని మొహమాటం నాకెందుకు?

అపోహ: తప్పు పడితే చెరిపి మళ్లీ గీసుకోవచ్చు.

వాస్తవం: చింతబొగ్గుతో గీసినంత వరకే ఆ వెసులుబాటు. ఆ తర్వాత ఇనప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన రంగుతో గీత వేస్తాం. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి ఉంటాం కాబట్టి కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. ఇక ఎన్ని ఉతుకులకూ పోదు.

ప్రదర్శన అయ్యాక గుడ్డను ఇంట్లో పరిచాను. అమ్మ చాలాసేపు చూసింది. అర్థం అడగలేదు.

"మీ అవ్వది ఎడమచేతి వాటం కదే, కర్ర కుడి చేతికిచ్చావేం?" అంది.