ఎన్ని వాట్లు అని కాదు, ఎక్కడ పెట్టారని అడగండి: సౌండ్ బాక్సులపై అపోహలు – వాస్తవాలు

వినాయక చవితి, ఆ వెనకే బతుకమ్మ దగ్గర పడుతున్నాయంటే హనుమకొండ, కాజీపేటల్లో కమిటీ వాళ్లు అడిగే మొదటి మాట "అన్నా, ఎన్ని వాట్లు?" అనే. బాక్సులు ఎక్కడ పెడదాం, ఎంత ఎత్తులో పెడదాం అని అడిగేవాళ్లు తక్కువ. పాట చివరి వరసకు చేరాలన్నా, స్పీకర్ సీజన్ దాటాలన్నా అసలు తేలేది అక్కడే.

అపోహ: వాట్లు డబుల్ చేస్తే సౌండ్ డబుల్

పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క), చెవికి కొద్దిగా పెరిగినట్టు తెలుస్తుందంతే. డబుల్ అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. ఇటు చూస్తే, బయట మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి కాబట్టి 5 మీటర్ల దగ్గర దద్దరిల్లే పాట 40 మీటర్లకు చేరేసరికి 18 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఆ లోటును వాట్లతోనే పూడ్చాలని చూస్తే ముందు కూర్చున్న ముసలివాళ్లు, చంటిపిల్లలు ఏమైపోవాలి? మధ్యలో ఇంకో జత చిన్న బాక్సులు నిలబెట్టి డిలే ఇవ్వండి, అంటే ముందు బాక్సుల శబ్దం అక్కడికి చేరేదాకా వాటి పాటను ఆలస్యం చేయండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, కనుక 30 మీటర్ల అవతల పెట్టిన జతకు సుమారు 87 మిల్లీసెకన్లు. అది ఇవ్వకపోతే ఒక ఉయ్యాలో మీద ఇంకో ఉయ్యాలో పడి పాట ఒక్క ముక్క అర్థం కాదు.

అపోహ: ఆంప్లిఫయర్ చిన్నదైతే స్పీకర్ సేఫ్

కాలిన హారన్ (బాక్సులో సన్నని, పదునైన శబ్దాలు పలికే భాగం) విప్పి చూడండి. వెంట్రుకలాంటి కాయిల్ తీగ నల్లబడి, వార్నిష్ మాడిన వాసన వస్తుంటుంది. చిన్న ఆంప్లిఫయర్‌ను శక్తికి మించి లాగితే సిగ్నల్ పైభాగం కోసేసినట్టు చదునైపోతుంది (క్లిప్పింగ్ అనేది దీన్నే), సగటు పవర్ పెరుగుతుంది, అందులో పుట్టే అదనపు ఫ్రీక్వెన్సీలు నేరుగా హారన్ మీద పడతాయి. మిక్సర్‌లోనే ఎర్ర లైటు వెలుగుతుంటే ఆంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గించినా ఆ సిగ్నల్ బాగుపడదు, మిక్సర్ గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) తగ్గించాల్సిందే. అలాగని ఎంత పెద్ద ఆంప్లిఫయరైనా పర్వాలేదని కాదు. బాక్సు వెనక పెద్దగా రాసేది చాలాసార్లు పీక్ అంకె, అంటే క్షణకాలం తట్టుకునేది; ఆగకుండా తట్టుకునే కంటిన్యువస్ పవర్ సాధారణంగా అందులో నాలుగో వంతే ఉంటుంది.

అపోహ: బాక్సు ఎక్కడ పెట్టినా ఒకటే

పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాటి జనాన్ని తలుచుకోండి. టాప్ బాక్సు (హారన్ ఉండే పై బాక్సు) నడుము ఎత్తులో ఉంటే మాటలోని స్పష్టత మొదటి రెండు వరసల మనుషులే పీల్చేసుకుంటారు. హారన్ నిలబడ్డవాళ్ల తలల పైన ఉండాలి, కాస్త కిందికి వంచి. బేస్ బాక్సు (దరువు లాంటి లోతైన శబ్దాలది) మాత్రం నేల మీదే ఉంచండి, నేల దానికి బలం. పాడేవాళ్ల మైక్ బాక్సుల వెనక ఉండాలి, ముందుకు వచ్చిందంటే కుయ్యిమని కూత తప్పదు. స్టాండ్ కాళ్లు పూర్తిగా తెరిచి ఇసుక బస్తా వేయండి, పిల్లలు పరిగెత్తే చోటు అది.

అపోహ: బేస్ రాలేదంటే ఇంకో బాక్సు తేవాలి

ముందు వైర్లు చూడండి. రెండు బేస్‌లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, ఉన్న బేస్ కూడా పోతుంది. ఆంప్లిఫయర్ నుంచి తీసేసి బేస్ స్పీకర్‌కు 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి, ప్లస్‌కు ప్లస్. రెండింట్లోనూ కోన్ ఒకే వైపుకు కదలాలి. హారన్ మీద మాత్రం ఈ పరీక్ష వద్దు.

వానకు తడిసిన పేపర్ కోన్‌ను నీడలో, గాలికి పూర్తిగా ఆరనివ్వండి, అప్పటిదాకా పాట పెట్టవద్దు. ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయర్ చివర, ఆపేటప్పుడు మొదట.

అపోహ: హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోత) వస్తే ఎర్త్ పిన్ తీసేయాలి

దయచేసి ఈ పని చేయకండి. చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి మైక్ పట్టుకునే మనిషి ప్రాణం ఆ పిన్ మీద ఉంది. మిక్సర్, ఆంప్లిఫయర్ రెండింటికీ కరెంటు ఒకే పాయింట్ నుంచి తీసుకోండి, అప్పటికీ పోకపోతే రెండింటి మధ్య సిగ్నల్ లైన్‌లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగా కలవకుండా సిగ్నల్‌ను మాత్రం దాటించేది) పెట్టండి.