కుర్ర టీమ్, కొత్త కోచ్: కాలేజ్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఓపిక మీద అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గోల, ఈ కోచ్‌ని ఎప్పుడు పంపిస్తారు అని. గ్రూప్‌లో ఉన్నోళ్ళు చాలామంది అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ మొదటిసారి స్టేడియంకి వెళ్ళి ఈ ఆటకి అలవాటు పడినవాళ్ళే, ఇప్పుడు పిల్లల్ని వెంటేసుకుని నాలుగ్గంటలు డ్రైవ్ చేసి వస్తారు, అంత ప్రేమ ఉంది కాబట్టే అంత కోపం. నేను ఇక్కడే ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని ఆడేది) టీమ్‌లో వీడియో పని చేస్తాను, చదువుకునేటప్పుడు పార్ట్‌టైమ్‌గా కెమెరా పట్టుకున్నా, ఎనిమిదేళ్ళయింది. ప్రాక్టీస్ అంతా రెండు వైపుల నుంచి తీస్తాం, పక్క నుంచి ఒక కెమెరా, గోల్‌పోస్ట్ వెనక ఎత్తులోంచి ఇంకోటి, ఏ ప్లేకి ఆ ప్లే (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే) ముక్కలు చేసి పిల్లలు తినేసి మీటింగ్‌కి వచ్చేలోపు రెడీగా పెట్టాలి. అంటే వాళ్ళు ఓడిపోయిన ప్రతి ప్లే నేను ఒకటికి పదిసార్లు చూస్తా. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: మూడో ఏడాదికి గెలవకపోతే ఆ కోచ్ ఇంకెప్పటికీ గెలవడు.

ఫ్రాంక్ బీమర్ సంగతి చూడండి. 1987లో వర్జీనియా టెక్‌కి హెడ్ కోచ్‌గా వచ్చాడు, తను ఆడిన కాలేజే. వచ్చేసరికే అంతకుముందు జరిగిన తప్పులకి కాలేజ్ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆంక్షలు వేసి స్కాలర్‌షిప్‌లు తగ్గించేసింది. మొదటి ఆరేళ్ళ లెక్క 24 గెలుపులు, 40 ఓటములు, 2 టైలు. ఆరో ఏడాది, 1992లో, 2-8-1 (గెలుపులు-ఓటములు-టైలు). ఆరేళ్ళయ్యాక అలాంటి సీజన్ అంటే ఇప్పుడైతే నవంబర్ కూడా దాటనివ్వరు. ఆయన్ని ఉంచారు, అసిస్టెంట్లలో మార్పులు చేశాడు, 1993లో 9-3 వచ్చి బౌల్ గేమ్ (సీజన్ బాగా ఆడిన టీమ్‌లకి చివర్లో దొరికే అదనపు మ్యాచ్) గెలిచారు, అక్కడి నుంచి 2015లో రిటైర్ అయ్యేదాకా వరసగా 23 సీజన్లు బౌల్‌కి వెళ్ళారు, 1999 సీజన్‌లో నేషనల్ టైటిల్ గేమ్ కూడా ఆడారు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో కోచ్ బిల్ స్నైడర్ 1989లో మొదలుపెట్టింది 1-10తో. అంతకుముందు రెండేళ్ళు ఆ టీమ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు కాబట్టి ఆ ఒక్క గెలుపే అక్కడ పండగ.

అందరికీ ఆరేళ్ళు ఇవ్వమని కాదు నేననేది. బీమర్ లాంటి కథ ఒకటుంటే, ఆరేళ్ళిచ్చినా ఏమీ కాని కథలు చాలా ఉన్నాయి. మూడేళ్ళు అన్న గడువు మాత్రం ఎవరో గోడ మీద గీసిన గీత, అంతే.

అపోహ: ఇండియానా ఒక్క ఏడాదిలో చేసి చూపించింది కదా, మనవాడికేమైంది?

ఈ మాట నాకు రోజుకోసారి వినిపిస్తుంది. నిజమే, ఇండియానా యూనివర్సిటీ 2023లో 3-9, కోచ్‌గా కర్ట్ సిగ్నెట్టి రాగానే 2024లో 11-2, నేషనల్ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కి కూడా వెళ్ళారు. తర్వాతి సీజన్‌లో ఏకంగా 16-0తో నేషనల్ చాంపియన్స్. గొప్ప పని, కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ అది కుర్ర టీమ్‌ని పెంచడం కాదండీ, ఆ తేడా పట్టుకోండి. అంతకుముందు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గర ఆడి గెలిచిన 13 మందిని వెంట తెచ్చుకున్నాడు, 2024 క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కర్టిస్ రూర్క్ ఒహైయో యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆరో ఏడాది ప్లేయర్. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ మగాళ్ళు, ఆ కోచ్ ప్లేబుక్ (ఏ ప్లేలో ఎవరేం చెయ్యాలో రాసుకున్న పుస్తకం) నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. కాలేజ్ మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది, 2021 నుంచి ఒకసారి కాలేజ్ మారినా ఏడాది ఖాళీగా కూర్చోకుండా ఆడొచ్చు అన్నారు, 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా పర్లేదు అనేశారు. ఇప్పుడు టీమ్ కట్టడానికి రెండు దారులు, పెరిగిన చెట్టు తెచ్చి పాతుకోవడం ఒకటి, నారు పోసుకోవడం ఒకటి. మీ కాలేజ్ దగ్గర డబ్బు ఎంత ఉంది, మీ కోచ్ ఏ దారి పట్టాడు అనేది చూడకుండా ఇండియానాతో పోలిస్తే ఎలా?

ఇంకో చిక్కు కూడా ఉంది, నారు పోసిన కోచ్‌కి ఇప్పుడు పాత రోజుల్లో లేని కష్టం. రెండేళ్ళు కష్టపడి తయారుచేసిన కుర్రాడు సరిగ్గా ఆట వచ్చే టైమ్‌కి ఎక్కువ డబ్బు ఇచ్చే చోటికి వెళ్ళిపోతాడు. ఆ కుర్రాడిది తప్పని నేను అనను, వాడి మోకాలు వాడిది, వాడి ఇంటి పరిస్థితి వాడిది. కానీ కోచ్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, బయట నుంచి చూసేవాళ్ళకి "నాలుగో ఏడాది కూడా కుర్ర టీమే అంటాడేంటి" అనిపిస్తుంది.

అపోహ: టాలెంట్ ఉన్న ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది కుర్రాణ్ణి) ఆడించకపోవడం కోచ్ మొండితనం.

2018 నుంచి రూల్ ఏంటంటే నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా కాలేజ్‌లో ఆడటానికిచ్చే ఏళ్ళలో ఆ ఏడాది లెక్కలోకి రాదు, దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. చాలాసార్లు బెంచ్ మీద కూర్చోబెట్టడం వెనక ఉన్నది ఆ లెక్కే. అంతే సంగతి.

అపోహ: తక్కువ తేడాతో ఓడిపోతున్నాం అంటే దగ్గరికొచ్చేసినట్టే.

ఓపిక పట్టండి అని చెప్పేవాళ్ళు కూడా తప్పు చేసేది ఇక్కడే, నేను కూడా ఒకప్పుడు ఇలాగే అనుకునేవాణ్ణి. 2021లో నెబ్రాస్కా యూనివర్సిటీ 3-9. తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడా లేదు. అందరూ వచ్చే ఏడాది చూడండి అన్నారు. కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ అదే రాష్ట్రం పిల్లాడు, 1997లో అదే కాలేజ్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా టైటిల్ గెలిపించినవాడు, అలాంటివాడి మీద ఓపిక ఎందుకుండదు. 2022 సెప్టెంబర్‌లో మూడు మ్యాచ్‌లకే పంపించేశారు, మొత్తం లెక్క 16-31. తేడా ఎంత అని కాదు, ఏ తప్పు వల్ల ఓడిపోయాం అని చూడాలి. మొదటి ఏడాది చేసిన తప్పే నాలుగో ఏడాది కూడా చేస్తుంటే, కిక్ దగ్గర అదే గందరగోళం, చివరి నిమిషంలో అదే ఫంబుల్ (చేతిలో బంతి జారవిడవడం), అప్పుడు మీ కోపం న్యాయమైనదే. ప్రతి నెలా కొత్త తప్పు చేస్తున్నారా, అయితే నేర్చుకుంటున్నారు.

అపోహ: కోచ్‌ని తీసేస్తే పోయేదేముంది, డబ్బే కదా.

డబ్బు కూడా తక్కువేం కాదు, 2023 నవంబర్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని పంపించడానికి 7.5 కోట్ల డాలర్లకి పైనే ఒప్పుకోవాల్సొచ్చింది. కానీ అసలు నష్టం లాకర్ రూమ్‌లో. కోచ్ మారగానే ఆ టీమ్ పిల్లలకి ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫర్ విండో తెరుచుకుంటుంది, వస్తామని మాటిచ్చిన హైస్కూల్ పిల్లలు జారుకుంటారు, వచ్చే కోచ్‌కి మళ్ళీ కుర్ర టీమే మిగులుతుంది.

అపోహ: అంత ప్రాక్టీస్ చేస్తారు కదా, ఇంత చిన్న విషయం రాదా?

సీజన్‌లో వారానికి 20 గంటలే, ప్రాక్టీస్, మీటింగ్, వెయిట్స్ అన్నీ కలిపి, మ్యాచ్ రోజు మొత్తాన్ని 3 గంటలుగా లెక్కేస్తారు. వసంతంలో 15 ప్రాక్టీస్‌లు. మిగతా టైమ్ క్లాసులు, అసైన్‌మెంట్లు, అందరు స్టూడెంట్స్ లాగే.

మా దగ్గర ఒక లెఫ్ట్ ట్యాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు కాపలా కాసేవాడు) ఉండేవాడు, పద్దెనిమిదేళ్ళు, పోయిన ఏడాదే హైస్కూల్. ఆ పొజిషన్‌లో అవతలివాడు ఇరవై రెండేళ్ళవాడు, నాలుగేళ్ళు జిమ్‌లో ఉన్నవాడు. సెప్టెంబర్‌లో ఒక మ్యాచ్‌లో డిఫెన్స్ వాళ్ళు స్టంట్ వేశారు, అంటే బయట ఉన్నవాడు లోపలికి దూకుతాడు, లోపల ఉన్నవాడు వాడి వెనక నుంచి చుట్టు తిరిగి బయటికొస్తాడు. మనవాడు తన ఎదురుగా ఉన్నవాణ్ణే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు, రెండోవాడు ఖాళీగా వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నట్టే. టీవీలో చూస్తే క్వార్టర్‌బ్యాక్ బంతి ఎక్కువసేపు పట్టుకున్నట్టు ఉంటుంది, వెనక కెమెరాలో చూస్తేనే ట్యాకిల్ నడుము ముందే తిరిగిపోయిందని తెలుస్తుంది. ఆ రాత్రి వాడి ఫోన్‌కి ఎవరెవరో పంపిన మెసేజ్‌లు నాకు చూపించాడు, వాళ్ళమ్మని కూడా కలిపి తిట్టారు. కోచ్‌ని విమర్శించండి, టికెట్ కొన్నారు, ఆ హక్కు మీకుంది, కోచ్‌కి జీతం కూడా అందుకే. పద్దెనిమిదేళ్ళ పిల్లాడి ఫోన్‌లోకి మాత్రం వెళ్ళకండి.

మంగళవారం మీటింగ్‌లో ఆ క్లిప్‌ని లైన్ కోచ్ (ట్యాకిల్స్ లాంటి ముందు వరస వాళ్ళకి నేర్పేవాడు) అరవకుండా పదకొండుసార్లు వెనక్కి తిప్పి వేయించాడు, నేనే లెక్కపెట్టా, రిమోట్ నా చేతిలోనే ఉంది. నవంబర్‌లో ఒక మ్యాచ్, నాలుగో క్వార్టర్, 20 పాయింట్లు వెనకున్నాం, సగం స్టాండ్స్ ఖాళీ, మా గ్రూప్‌వాళ్ళు కూడా అప్పటికే పార్కింగ్‌లో. మళ్ళీ అదే స్టంట్ వచ్చింది. ఈసారి వాడు కదల్లేదు, లోపలికి దూకినవాణ్ణి చేత్తో పక్కనున్న మా గార్డ్ (లోపలి వైపు కాపలా కాసేవాడు) వైపు తోసి, చుట్టు తిరిగి వచ్చేవాడి కోసం అలాగే నిలబడ్డాడు. ఆరు గజాల పాస్ అందింది, స్కోర్‌లో ఏమీ మారలేదు. ఆ రాత్రి క్లిప్‌లు కట్ చేస్తుంటే లైన్ కోచ్ నా వెనకొచ్చి నిలబడి, అది ఇంకోసారి వెయ్యి అన్నాడు.