తోక మీది నంబరుతో మొదలుపెట్టండి

పిల్లలూ, మీ అందరికీ ఆశీస్సులు.

వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పెద్దాయనకు ఆయన విమానం నమూనా మీ చేతులతో చేసి ఇవ్వాలనుకున్నారని తెలిసి ఎంతో సంతోషమేసింది. వివరంగానే రాస్తున్నాను. పని మొదలుపెట్టాక ఏ దశకు ఆ దశ దగ్గర ఈ ఉత్తరం మళ్ళీ తీసి చూసుకోండి.

కిట్, అంటే విడి ప్లాస్టిక్ ముక్కల పెట్టె, కొనడానికి ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ విమానం, అందులో ఏ రకం, ఏ సంవత్సరం, ఏ స్క్వాడ్రన్ (ఆయన పనిచేసిన వైమానిక దళ విభాగం), తోక మీదో పక్కనో రాసిన నంబరు ఎంత? ఆయన్నే అడగండి. చెప్పకుండా ఇవ్వాలనుకుంటే ఇంట్లోవాళ్ళనడిగి పాత ఫొటో ఒకటి సంపాదించండి. విమానం పేరొక్కటే తెలిస్తే చాలదు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి, అందులో మార్క్ 5 రకానికి ప్రొపెల్లర్ రెక్కలు మూడు, మార్క్ 9కి నాలుగు. మిగ్-21లో తొలి రకాల్లో ఒకటైన ఎఫ్-13కి కానపీ, అంటే పైలట్ తలమీది అద్దపు మూత, ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది. తర్వాత వచ్చిన పీఎఫ్ఎం రకం నుంచి అది కుడిపక్కకు తెరుచుకుంటుంది. రోజూ ఆ మూత కింద కూర్చున్న మనిషి ఈ తేడాను గుమ్మంలోంచే పట్టేస్తారు. సంవత్సరం కూడా అంతే ముఖ్యం. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో సేనలు దిగేముందు మిత్రరాజ్యాల విమానాల రెక్కలకూ ఒంటికీ మూడు తెల్ల చారలు, వాటి మధ్య రెండు నల్ల చారలు వేశారు. 1943 నాటి విమానానికి ఆ చారలు వేస్తే అది ఆయన విమానం కాకుండా పోతుంది.

ఆయన పైలటే అయి ఉండాలని లేదు. మెకానిక్‌గా పనిచేసిన ఆయన ముందు చూసేది చక్రాలు ముడుచుకునే గూళ్ళు, ఇంజిన్ మూతలు. పైలట్ చూపు కాక్‌పిట్ మీదికి పోతుంది. మీ శ్రమలో ఎక్కువ భాగం ఆ చూపు పడేచోటే పెట్టండి. యుద్ధం గురించి ఆయనంతట ఆయన చెబితే వినండి, మీరుగా తవ్వి అడక్కండి. విమానం గురించి ఎంతైనా అడగవచ్చు.

ఇక సైజు. 1/72 అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు. స్పిట్‌ఫైర్ రెక్కల చివర్ల మధ్య దూరం 11.23 మీటర్లు. అది 1/72లో దాదాపు 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4 సెంటీమీటర్లు వస్తుంది. పెద్దవాళ్ళ చూపుకు 1/48 హాయిగా ఉంటుంది, మీ వేళ్ళకూ పట్టు దొరుకుతుంది. నా మాట వింటే అదే తీసుకోండి.

పెట్టె తెరవగానే ముక్కలున్న ఫ్రేములను గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి వాడిన నూనె ముక్కల మీద మిగిలితే రంగు పెచ్చులుగా లేస్తుంది. ముక్కలను చేత్తో విరవకండి. సైడ్ కట్టర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్ల మొదలు వదిలి కత్తిరించి, ఆ మొదలును కత్తితో పల్చగా చెక్కి, 400 నంబరు ఉప్పుకాగితంతో, ఆ తర్వాత 600తో రుద్దండి. మొదట్లోనే ముక్కకు ఆనించి కట్ చేస్తే అక్కడ ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. కత్తి పని పెద్దవాళ్ళు పక్కనున్నప్పుడే చేయండి. బ్లేడు కదిలే దారిలో రెండో చెయ్యి ఉండకూడదు. మొద్దుబారిన బ్లేడును వెంటనే మార్చేయండి, దాన్ని బలంగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారుతుంది.

ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురులా పనిచేయదు. రెండు ముక్కల అంచులనూ కాస్త కరిగించి ఒకటిగా అతికిస్తుంది. అందుకే రంగు వేసిన అంచు మీద అది పట్టదు, అతికే చోట రంగు గీకేయాలి. ముందు జిగురు లేకుండా ముక్కలు కలిపి చూసుకోండి. సరిగ్గా కూర్చుంటే పల్చటి సిమెంట్‌ను బ్రష్‌తో అతుకు దగ్గర ఊరికే తాకించండి, సందు వెంట అదే పాకుతుంది. ఆ సమయంలో మీ వేలు అతుకు మీద ఉంటే సిమెంట్ వేలి కిందికీ పాకి, మీ వేలిముద్ర గీతలతో సహా రెక్క మీద అచ్చుపడుతుంది. అలా జరిగితే కంగారుపడి తుడవకండి, ఇంకా పాడవుతుంది. ఒక రోజంతా గట్టిపడనిచ్చి ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది. కిటికీలు తెరిచి పనిచేయండి. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దితే పొడి లేవదు.

కాక్‌పిట్‌కు రంగులేసి పూర్తిచేశాకే ఒంటి రెండు సగాలూ మూయాలి. మూశాక లోపలికి బ్రష్ పోదు. ముక్కు కింద చక్రం ఉన్న విమానమైతే ఇంకో పని ఉంది, దీన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. నమూనాలో బరువంతా వెనకే ఉంటుంది, చివరికి నేలమీద పెడితే ముక్కు పైకెత్తి తోకమీద కూర్చుంటుంది. ఒంటినీ రెక్కలనూ టేపుతో తాత్కాలికంగా కలిపి, వెనక చక్రాలు వచ్చేచోట రెండు వేళ్ళమీద ఆనించి, ముక్కులో చిన్న ఇనుప నట్లు ఒక్కొక్కటే వేయండి. ముందుకు వాలాక ఇంకో రెండు కలిపి ఎపాక్సీ జిగురుతో గట్టిగా అతికించండి. వదులుగా వేస్తే విమానం గలగలమంటుంది. స్పిట్‌ఫైర్‌కు చిన్న చక్రం తోక కింద ఉంటుంది, దానికి ఈ బాధ లేదు.

ఒంటి అతుకును ఒక రోజు ఆరనిచ్చి 400, 600, 1000 వరుసలో రుద్దండి. సందు మిగిలితే పుట్టీ పెట్టండి, గోడకు లప్పం పెట్టినట్టే. తర్వాత బూడిదరంగు ప్రైమర్, అంటే అడుగుపూత, పల్చగా కొట్టి, దీపం పక్కనుంచి పడేలా పట్టుకు చూడండి. కంటికి కనిపించని గీత అప్పుడు బయటపడుతుంది. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దడం. విసుగొస్తుంది, నిజమే, కానీ ఇక్కడ వదిలేసిన గీత పైన ఎన్ని రంగులేసినా కనిపిస్తూనే ఉంటుంది.

రంగు పాలంత పల్చగా ఉండాలి. చిక్కగా ఒక్కసారే వేస్తే రేకుల మధ్య సన్నటి గాళ్ళు పూడిపోతాయి. అందుకని రెండు మూడు పూతలు వేయండి, పూత బాగా ఆరాకే పై పూత. లేత రంగు ముందు, ముదురు తర్వాత. పక్క రంగు మీద పడకుండా అంటించే మాస్కింగ్ టేపును ముందు ముంజేతికి ఒకసారి అంటించి తీస్తే జిగురు తగ్గి కింది రంగును పీకకుండా ఉంటుంది. మాసిన మరకలు, రంగు ఊడిన గీతలు ఫొటోలో కనిపించినంతే వేయండి. ఆ విమానాన్ని రోజూ తుడిచి చూసుకున్న మనుషులున్నారు.

ఇప్పుడు గుర్తులు, నంబర్లు. ఇవి డీకాల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి జరిపి అంటించేవి. మ్యాట్ రంగు, అంటే మెరవని రంగు, కంటికి నున్నగా కనిపించినా గరుకుగా ఉంటుంది. డీకాల్‌ను నేరుగా దాని మీద వేస్తే ఆ గరుకులో గాలి చిక్కి, ఆరాక అంకె చుట్టూ వెండిపొర మెరుస్తుంది. అందుకే ముందు మెరిసే వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. డీకాల్‌ను 15 సెకన్లు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి తీసి, ఒక నిమిషం పక్కన పెట్టండి. కాగితం మీద దానంతటది కదిలినప్పుడు తడి బ్రష్‌తో జరపండి. మెత్తబరిచే ద్రవం వేస్తే డీకాల్ ముడతలు పడుతుంది. పాడైపోయిందనిపిస్తుంది, అయినా తాకకండి, ఆరేకొద్దీ దానంతటదే అణిగి గాళ్ళలోకి దిగుతుంది. అప్పటికీ వెండిపొర మిగిలితే సూదిమొనతో రెండు మూడు చోట్ల పొడిచి అదే ద్రవం ఒక చుక్క వేయండి.

పెట్టెలో వచ్చే నంబరు వేరే విమానానిది కావచ్చు. విడి అంకెల షీటు కొని ఆయన నంబరే పేర్చండి. మాస్కింగ్ టేపు ముక్కను గీతలా అంటించి దాని అంచుకు ఆనిస్తే అంకెలు వంకర పోవు. మిగతా దేనికీ ఇంత పట్టుబట్టను, నంబరు మాత్రం తప్పకూడదు. చివర మ్యాట్ వార్నిష్ ఒక పూత. ముసురు పట్టిన రోజు స్ప్రే చేయకండి, గాలిలో తేమ ఉంటే వార్నిష్ తెల్లగా మసకబారుతుంది.

కానపీని సూపర్ గ్లూతో అతికించకండి. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది, లోపలివైపు పేరుకుంటే తుడిచే దారి ఉండదు. కాక్‌పిట్‌లో ఎక్కడైనా సూపర్ గ్లూ వాడి ఉంటే రెండు రోజులు తెరిచే ఉంచండి. కానపీకి మామూలు తెల్ల జిగురు చాలు. ఎక్కువైనది తడిబట్టతో పోతుంది, ఆరితే కనిపించదు.

విమానాన్ని చెక్క పీటకు బిగించి ఇవ్వండి. చక్రాల కింద 0.8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి సన్నటి ఉక్కు తీగ ముక్కతో పీటలోకి దించితే కదలదు. వణికే చేతులు కూడా పీటనే పట్టుకుంటాయి, రెక్కకు దెబ్బ తగలదు. పీటకు బిగించే చిన్న రేకు మీద ఆయన పేరు, స్క్వాడ్రన్, విమానం నంబరు, సంవత్సరాలు చాలు. చెక్కించే ముందు అక్షరాలు ఇంట్లోవాళ్ళకు చూపించండి. పైన పారదర్శకపు పెట్టె ఉంటే దుమ్ము పడదు. ఎండ తగిలేచోట మాత్రం పెట్టవద్దని చెప్పండి, రంగులు వెలిసిపోతాయి.

ఇచ్చేరోజు ఆయన కుర్చీలో కూర్చున్నాక, విమానం ఎడమపక్క ఆయన వైపుండేలా బల్లమీద పెట్టండి. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ తలుపు ఆ పక్కనే ఉంటుంది. వాడిన రంగుసీసాలు పారేయకుండా మూతలు బిగించి దాచండి. "ఈ గీత ఇంకాస్త కిందికుండేది" అని ఆయన అంటే, మళ్ళీ ఇంటికి తెచ్చి దిద్ది ఇవ్వాలి కదా.

ఇట్లు,
మీ తాతయ్య